చివరి బెంచీ అబ్బులు

“సగమూ, మూడో వంతూ కలిపితే ఎంత అబ్బులూ?”

“అయిదింట రెండు వంతులు మేడమ్,” అన్నాడు అబ్బులు. తడుముకోలేదు, నసగలేదు. అడిగినందుకు సంతోషించినట్టే వినిపించింది గొంతు.

డాక్టర్ వకుళ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. విశాఖపట్నంలో ఆ ల్యాబ్ కిటికీలోంచి సముద్రం బాగా కనిపిస్తుంది గానీ, ఆ ఉదయం దాని వంక చూసే ఓపిక ఆవిడకి లేదు. కిందటి నెల ఇదే ప్రశ్నకి ఇదే అబ్బులు ‘ఆరింట అయిదు’ అని సరిగ్గా చెప్పాడు. ఎందుకో కూడా విడమరిచాడు. ఈ నెల మర్చిపోయాడంటే సరిపెట్టుకోవచ్చు. కానీ ఈ తప్పుని పట్టుకున్న పద్ధతి చూస్తే, ఎవరో దగ్గర కూర్చోబెట్టుకుని పనిగట్టుకుని నేర్పినట్టుంది.

అబ్బులు మనిషి కాదని ఇక్కడే చెప్పెయ్యడం మంచిది. పలక కంటే కాస్త మందంగా ఉండే ఒక పెట్టె. ముందు వైపు స్క్రీన్ మీద రెండు కళ్ళు, పైన చిన్న కెమెరా, కింద స్పీకర్. పగలంతా పలాస దగ్గర ఒక హైస్కూల్లో ఏడో తరగతి చివరి బెంచీ మీద ఉంటాడు. ఏ పూటైనా ల్యాబ్‌లో ఉన్న ఇంకో పెట్టెలోంచి వకుళ వాడితో మాట్లాడవచ్చు.

లెక్కలు నేర్పే సాఫ్ట్‌వేర్‌లు ఆ రోజుల్లో, అంటే మనకి ఇంకా రాని ఆ రోజుల్లో, కుప్పలు తెప్పలుగా ఉండేవి. అన్నిటి పద్ధతీ ఒకటే. తెర మీద లెక్క వస్తుంది. పిల్లవాడు జవాబు నొక్కుతాడు. ఒప్పయితే చప్పట్లు, నక్షత్రాలు. తప్పయితే ఎర్ర గుర్తు, ఒక ఏడుపు బొమ్మ. కొన్నాళ్ళకి పిల్లలు లెక్కలు మానేసి ఆ యంత్రాన్ని చదవడం నేర్చుకున్నారు. నాలుగు జవాబుల్లో ఏది నొక్కితే చప్పట్లు వస్తాయో వాసన పట్టేవారు. నక్షత్రాలు మూటలు కట్టుకుని ఇంటికి వెళ్ళేవారు, ఇంట్లో ఎవరైనా అర కిలో చక్కెరకి ఎంతవుతుందని అడిగితే నోరు వెళ్ళబెట్టేవారు.

వకుళ ఈ వ్యవహారాన్ని తలకిందులు చేసింది. అన్నీ తెలిసిన యంత్రం పిల్లవాడిని పరీక్షించడం కాదు, ఏమీ తెలియని యంత్రానికి పిల్లవాడే పాఠం చెప్పాలి అంది. అలా పుట్టాడు అబ్బులు. వాడికి మొదట అంకెలు తప్ప ఏమీ రావు. ఎవరేం చెప్పినా వింటాడు, వినగానే “ఎందుకు?” అంటాడు. “మేష్టారు చెప్పారు కాబట్టి” అంటే నమ్మడు. కారణం చెప్పాలి. కారణం బాగుంటే వాడి లోపల ఆ విషయం మీద నమ్మకం కొంచెం పెరుగుతుంది. అంతకంటే మంచి కారణంతో ఇంకెవరైనా వేరేలా చెబితే, పాత నమ్మకం తగ్గి కొత్తది పెరుగుతుంది. కారణం నచ్చకపోతే కళ్ళు చిన్నవి చేసి, “అర్థం కాలేదు. ఇంకోలా చెప్పు,” అంటాడు. విసుక్కోకుండా ఎన్నిసార్లయినా అంటాడు. వాడికి చెప్పడం కోసం పిల్లలు లెక్కని అటూ ఇటూ తిప్పి చూడాల్సి వస్తుంది. తిప్పి చూసేసరికి వాళ్ళకే వచ్చేస్తుంది.

వాడికి తెలిసిందంతా తరగతి పిల్లలు చెప్పిందే కనక, వాడి మార్కులే తరగతి మార్కులు. ఈ వాదనతోనే వకుళ విద్యాశాఖ వేసిన కమిటీని ఒప్పించింది. ఒక స్కూల్లో, ఒక్క సంవత్సరం. ఏడో తరగతి వార్షిక పరీక్షలో అబ్బులుకి పాసు మార్కులు వస్తే, రాష్ట్రంలో ప్రతి స్కూలుకీ ఒక అబ్బులు. రాకపోతే అబ్బులుని ఆపేసి, ఆ నక్షత్రాల సాఫ్ట్‌వేర్‌నే కొంటారు. ఆవిడ పెళ్ళికి కూడా తీరిక చేసుకోకుండా చేసిన పని అది.

డిసెంబరు దాకా అంతా బాగానే నడిచింది. పాసు గీత అందుకోబోతున్నాడు అనగా, సంక్రాంతి సెలవుల తర్వాత జారడం మొదలుపెట్టాడు. పొద్దున్న సరిగ్గా చెప్పినవాడు సాయంత్రానికి తప్పు చెబుతున్నాడు.

“ఇలా ఎవరు చెప్పారురా నీకు?” అని అడిగింది.

“చెప్పకూడదు కదా మేడమ్. ఎవరు చెప్పారో చెబితే చాడీలు చెప్పినట్టు అవుతుందని మీరే పెట్టారు.”

నిజమే. పిల్లలు భయం లేకుండా మాట్లాడాలని ఆ నియమం పెట్టింది ఆవిడే. ఎవరి గొంతూ దాచుకోడు, ఎవరి పేరూ బయటపెట్టడు. తను కట్టిన తలుపుకి తనే గొళ్ళెం వేసుకుని, తనే బయట నిలబడిపోయినట్టయింది ఆవిడ పని. మర్నాడు పొద్దున్నే పలాస రైలెక్కింది.

*

హెడ్మాస్టర్ జోగారావు గారికి సైన్సు అంటే గౌరవం, సర్క్యులర్ అంటే భక్తి. వకుళని చూడగానే చేతులు జోడించి కూర్చోబెట్టారు. వేయించిన జీడిపప్పు ప్లేటులో పెట్టించారు. ఆ ఊళ్ళో గాలి కూడా జీడిపప్పు వాసనే వేస్తుంది.

“మీరు పంపిన సర్క్యులర్ అక్షరాలా పాటించామండీ,” అన్నారు. “‘యంత్రమును తోటి విద్యార్థి వలె చూడవలెను’ అని కదండీ రాశారు. అడ్మిషన్ చేశాం. రోల్ నంబర్ ఇచ్చాం. రోజూ హాజరు పలుకుతాడు. కరెంటు పోయి చార్జింగ్ లేని రోజున ఆబ్సెంటు వేశాను, మొహమాటపడలేదు. మధ్యాహ్న భోజనం లెక్కలో మాత్రం కలపలేదండీ, ఆడిట్ వాళ్ళు ఊరుకోరు.”

“పరీక్షలు?”

“అన్నీ రాస్తాడు. అందరితో పాటే ర్యాంకు కూడా ఇస్తున్నాం. ప్రార్థన దగ్గర ఫస్టు నుంచి లాస్టు దాకా మైకులో చదవడం మా స్కూల్లో మొదటి నుంచీ ఉన్న ఆనవాయితీ. అబ్బులుకి ప్రతిసారీ లాస్టే. చదవగానే పిల్లలు నవ్వుతారు, వాడూ నవ్వుతాడు. ‘వచ్చే పరీక్షకి చూడండి!’ అంటాడు. మహా సరదా అయిన కుర్రాడండీ.”

వకుళ ప్లేటు వైపు వెళ్ళిన చెయ్యి ఆపింది. తోటి విద్యార్థిలా చూడమంటే, ప్రేమగా చూడమని ఆవిడ ఉద్దేశం. ర్యాంకుల జాబితాలోకి ఎక్కించమని కాదు. కానీ ఆ స్కూల్లో విద్యార్థి అన్నవాడికి ర్యాంకు లేకుండా ఎలా ఉంటుంది? జోగారావు గారి తప్పేమీ లేదు.

“నిరుడు లాస్టు ఎవరికి వచ్చేదండీ?”

“దమయంతి అని ఒక ఆడపిల్ల. ఈ ఏడు బాగా పుంజుకుంది. అంతా మీ అబ్బులు చలవే.”

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక పిల్లలంతా కంచాలు పట్టుకుని వరండాలోకి పరిగెత్తారు. వకుళ తరగతి గదిలోకి వెళ్దామని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. లోపల చివరి బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. రెండు జడలు, నూనె మెరిసే నుదురు. ఎదురుగా అబ్బులు. బెంచీ మీద నల్లగా, పెంకు తియ్యని జీడిపిక్కలు కొన్ని.

“పొద్దున్న నీకేటి సెప్పినారు?” అని అడుగుతోంది అమ్మాయి.

“ఆరింట అయిదు. అట్టుని ఆరు ముక్కలు చెయ్యమన్నారు.”

“అట్టు సంగతి వదిలీ. ఇటు సూడు. ఇవి రెండు జీడిపిక్కలు. కొడితే ఒకటి పప్పు ఇరక్కుండా గుండుగా వచ్చింది, ఇంకోటి బద్దలైపోయింది. గుండు ఎంత వంతు?”

“సగం.”

“రేపు మూడు కొట్టినావు. ఒకటే గుండు. ఎంత వంతు?”

“మూడో వంతు.”

“రెండ్రోజులదీ కలిపీ. మొత్తం ఎన్ని కొట్టినావు?”

“అయిదు.”

“గుండ్లు ఎన్ని?”

“రెండు,” అన్నాడు అబ్బులు. కళ్ళు పెద్దవయ్యాయి. “అయితే సగమూ మూడో వంతూ కలిపితే అయిదింట రెండు! కానీ ఉండు. పొద్దున్న ఇంకో మాట అన్నారు. సగానికి ఇంకాస్త కలిపితే సగం కంటే పెరగాలి కదా, అయిదింట రెండు సగం కంటే తక్కువ కదా అన్నారు. ఎందుకు తగ్గింది?”

వకుళ మనసులో కూడా సరిగ్గా అదే ప్రశ్న ఉంది. ఆ అమ్మాయి ఏం చెబుతుందా అని ఊపిరి బిగబట్టి నిలబడింది.

“మొదటి రోజు బాగా కొట్టినావు, రెండో రోజు పాడుగా కొట్టినావు,” అంది అమ్మాయి నింపాదిగా. “రెండూ కలిపితే నీ పని తగ్గినట్టా, పెరిగినట్టా?”

“తగ్గినట్టే!” అన్నాడు అబ్బులు పరమానందంగా.

వకుళకి కోపం రావాలి. రాలేదు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆశ్చర్యం వచ్చింది. ఇది తెలియక చెప్పిన తప్పు కాదు. వంతులు కలపడం ఒకటి, రెండు రోజుల పనిని కలిపి చూడటం ఇంకొకటి. రెంటికీ తేడా బాగా ఎరిగినవాళ్ళు తప్ప ఒకదాని స్థానంలో ఇంకొకదాన్ని ఇంత నున్నగా దూర్చలేరు. ఆ తరగతిలో లెక్కలు అందరికంటే బాగా వచ్చినది ఈ పిల్లకే.

“దమయంతీ,” అని పిలిచింది.

అమ్మాయి లేచి నిలబడింది. జీడిపిక్కలు గుప్పిట్లో దాచింది. పేరు ఎలా తెలిసిందని అడగలేదు.

“మేడమ్,” అన్నాడు అబ్బులు హుషారుగా, “నేను ఎవరి పేరూ చెప్పలేదు!”

*

వకుళ ఆ చివరి బెంచీ మీదే దమయంతి పక్కన కూర్చుంది. అబ్బులుని కాసేపు ఆఫ్ చేసింది.

“లాస్టు ర్యాంకు నీకు వస్తుందని భయమా?”

“నాకు రాదు మేడమ్. నాకు మొన్న నాలుగు.”

“మరి అబ్బులుని ఎందుకు కిందకి లాగుతున్నావు?”

దమయంతి గుప్పిట విప్పి జీడిపిక్కలు చూసుకుంది. “లాస్టు వచ్చినోలిని తోక అంటారు మేడమ్. నిరుడంతా నన్ను ఎవులూ పేరెట్టి పిలవనేదు. అన్నం కాడ తోక, ఆటల్లో తోక. మా అమ్మ బజారుకెళ్తే ‘తోకోలమ్మ’ అనీవోరు. ఈ అబ్బులొచ్చినాక ఈడే తోక. ఈడికి దానికర్థం తెలీదు. తోక అంటే మంచిదా అని అందర్నీ అడుగుతాడు. ఎవులూ సెప్పరు.”

“అబ్బులు పాసయి పైకి వెళ్తే తోక ఎవరవుతారు?”

“ఢిల్లీ.”

ఢిల్లీ అంటే ఢిల్లీశ్వరరావు. ఆ జిల్లాలో ఇంటికొకడు ఉండే పేరే. మూడో బెంచీలో కూర్చుంటాడు. మనిషి బొద్దుగా ఉంటాడు, లెక్క చెప్పమంటే పై కప్పు వంక చూస్తాడు.

“నీకు స్నేహితుడా?”

“నాకేటీ అవడు,” అంది దమయంతి. “నన్ను తోకా అని మొదట పిలిసినోడు ఆడే.”

వకుళ ఆ పిల్ల వైపు తిరిగింది. “మరి?”

“ఆడు ఏడుస్తాడు మేడమ్. నాను ఏడవనేదు, సర్దుకున్నాను. ఆడు సర్దుకోలేడు.”

వకుళ తన సంగతి కూడా దాచకుండా చెప్పింది. అబ్బులు ఈ పరీక్ష పాసవకపోతే వాడిని తీసుకెళ్ళిపోతారని, మళ్ళీ ఈ బెంచీ మీదకి రాడని చెప్పింది. దమయంతి మొహం మారింది. అది ఆ పిల్లకి తెలియని సంగతి. జీడిపిక్కలు బెంచీ మీద రెండు కుప్పలుగా పెట్టింది.

“పాసైతే ఢిల్లీ తోక. ఫెయిలైతే ఈడు ఎల్లిపోతాడు, అప్పుడూ ఢిల్లీయే తోక.”

“అంతే.”

“అయితే ఈడు పాసవ్వాలి, ఢిల్లీకి ఈడి కంటే ఎక్కువ రావాలి,” అంది, లెక్కలో ఒక మెట్టు దిగినట్టుగా. తర్వాత చటుక్కున తలెత్తింది. “మేడమ్, ఈడికి ఇంకెవులూ సెప్పకుండా ఢిల్లీ ఒక్కడే సెప్తే? ఆడికి తెలిసిందే కదా ఈడికి తెలుస్తాది. ఆడిని దాటి ఎలగెళ్తాడు?”

ప్రయోగం మధ్యలో పద్ధతి మార్చకూడదని సైన్సులో మొదటి పాఠం. వకుళ ఆ పాఠం ఎన్నోసార్లు ఇతరులకి చెప్పింది కూడా. ఆ రోజు మాత్రం జోగారావు గారి గదికి వెళ్ళి, “రేపటి నుంచి అబ్బులుకి ఢిల్లీశ్వరరావు ఒక్కడే పాఠం చెబుతాడండీ,” అంది.

జోగారావు గారు ఆవిడ వంక జాలిగా చూశారు. “ఢిల్లీయా అండీ? మీ ప్రాజెక్టు సముద్రంలో కలిసిపోతుంది మేడమ్ గారూ.”

“చూద్దామండీ.”

*

మొదటి రెండు వారాలూ చూడదగ్గవి కావు. ఢిల్లీ చెప్పడం, అబ్బులు “అర్థం కాలేదు, ఇంకోలా చెప్పు” అనడం, ఢిల్లీ పై కప్పు వంక చూడటం. అబ్బులులో దమయంతి నాటిన అయిదింట రెండు వేళ్ళూనుకుపోయింది. ఢిల్లీ అట్టు కోశాడు, రొట్టె కోశాడు, కాగితం మడిచాడు. వాడు ఏం చేసినా అబ్బులు ఓపికగా జీడిపిక్కల కథ తిరిగి చెప్పేవాడు. తరగతిలో తెలివైన పిల్లల్ని ఢిల్లీ అడిగి వచ్చి చెప్పిన కారణాలు కూడా ఆ వాదాన్ని కదపలేకపోయాయి. దమయంతిని అడిగితే ‘నాను సెప్పను, నువ్వే తియ్యి’ అనేసింది.

ఢిల్లీ ఒప్పుకోవడంతో ఆ రోజు వకుళ ల్యాబ్‌లో కూర్చుని పాఠం వింటోంది. ఢిల్లీ బెంచీ మీద నిజం జీడిపిక్కలు పోసుకుని, దమయంతి చెప్పిన కథే మొదటి నుంచి చెబుతున్నాడు. ఎక్కడ తప్పిందో వాడికి తెలియదు, కనీసం కథైనా పూర్తిగా చెప్పి చూద్దామని.

“కొట్టినాను. సగం గుండ్లు వచ్చినాయి. మూడు కొట్టినాను. ఒకటి గుండు. మొత్తం ఎన్ని?”

“ఏడు కొట్టావు,” అన్నాడు అబ్బులు, కెమెరాతో బెంచీని చూసి. “మూడు గుండ్లు. ఏడింట మూడు.”

“ఏడేట్రా? అయిదు కదా?”

ఢిల్లీ కింద చూసుకున్నాడు. రెండు పిక్కలకి బదులు నాలుగు పెట్టుకున్నాడు. రెండు గుండ్లు, రెండు బద్దలు. సగమే. తెలివైన పిల్లలెవరూ అలాంటి పొరపాటు చెయ్యరు. వాళ్ళు సరిగ్గా రెండే పెట్టుకుంటారు. ఢిల్లీ చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టబోయాడు. చెయ్యి గాల్లోనే ఆగింది.

ల్యాబ్‌లో వకుళ కుర్చీ అంచుకి జరిగింది.

“ఒరే అబ్బులూ,” అన్నాడు ఢిల్లీ నెమ్మదిగా. “రెంట్లో ఒకటి సగమేనా?”

“సగమే.”

“నాలుగులో రెండు?”

“అదీ సగమే.”

“సగం మారనేదు. మూడో వంతూ మారనేదు. అలాగయితే ఒకసారి అయిదింట రెండు, ఒకసారి ఏడింట మూడు ఎలగొస్తాదిరా? ఒకే లెక్కకి రెండు జవాబులేటి?”

అబ్బులు కళ్ళు చిన్నవయ్యాయి, పెద్దవయ్యాయి. ల్యాబ్‌లో తెర మీద, అయిదింట రెండు మీద వాడికున్న నమ్మకం కొండ మీంచి రాయి దొర్లినట్టు పడిపోయింది.

“ఎందుకు?” అన్నాడు అబ్బులు.

“నాకూ తెలీదు,” అన్నాడు ఢిల్లీ. వాడి గొంతులో ఇంతకు ముందు లేనిదేదో ఉంది. “ఉండు, ఇద్దరం సూద్దాం.”

వకుళ కళ్ళు తుడుచుకుంది. ల్యాబ్‌లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ వేరే వేరే పిక్కల కుప్పలు వదిలిపెట్టి ఒకే అట్టు దగ్గరికి వచ్చారు. ఆరు ముక్కలు చేశారు. సగానికి మూడు, మూడో వంతుకి రెండు. ఆరింట అయిదు. ఈసారి అబ్బులు మళ్ళీ మర్చిపోలేదు. ఆ తర్వాత ఢిల్లీ ఇంక పై కప్పు వంక చూడలేదు. ఇంటర్వెల్లో చివరి బెంచీ దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. కొన్నాళ్ళకి బెంచీ కూడా మారిపోయాడు.

*

వార్షిక పరీక్ష రోజున కమిటీ వాళ్ళు ముగ్గురు వచ్చి వెనక కూర్చున్నారు. ప్రశ్నపత్రం కెమెరాకి చూపించారు, అబ్బులు తెర మీద జవాబులు రాశాడు. మిగతా పిల్లలు కాగితాల మీద రాశారు.

ఫలితాలు ఎప్పట్లాగే ప్రార్థన దగ్గర మైకులో చదివారు జోగారావు గారు. మొదటి పేరు దమయంతిది. పిల్లలు ఈలలు వేశారు. పేర్లు ఒక్కొక్కటే దిగుతూ వచ్చాయి. చివర ఇద్దరు మిగిలారు. వకుళ చేతి సంచీ గట్టిగా పట్టుకుంది.

“అబ్బులు,” అని చదివారు జోగారావు గారు. తర్వాత ఒక్క క్షణం ఆగి, “పాస్!” అన్నారు. తర్వాత కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూసి, గొంతు తగ్గించి, “ఢిల్లీశ్వరరావు,” అన్నారు. “ఇతను కూడా పాసే. కానీ లాస్టు.”

ఎవరూ నవ్వలేదు. అందరూ ఢిల్లీ ఏడుస్తాడేమో అని చూశారు. దమయంతి అయితే తల దించుకుంది. ఢిల్లీ చొక్కా కాలరు సర్దుకుని, లైనులోంచి ఒక అడుగు ముందుకి వేసి, “ఆడికి సెప్పింది నానే!” అని అరిచాడు.

వకుళకి ఒక్కటి మింగుడు పడలేదు. కమిటీ వాళ్ళు టీ తాగుతుండగా ఢిల్లీ పేపరు తెప్పించుకుని చూసింది. అన్నీ రాశాడు. ఒకే ఒక్కటి, వంతులు కలిపే లెక్క, తెల్లగా వదిలేశాడు. వాడిని వరండా చివరకి తీసుకెళ్ళింది.

“ఈ లెక్క నీకు రాదా?”

“వచ్చు.”

“టైము చాలలేదా?”

“చాలింది మేడమ్.”

“మరి ఎందుకు వదిలేశావురా?”

ఢిల్లీ చుట్టూ చూసుకున్నాడు. “తోక అంటే ఏటని ఈడు నన్నడిగినాడు మేడమ్. ఎవులూ సెప్పనేదు కదా. ఈడికి అబద్ధం సెప్తే ఎందుకు, ఎందుకు అని సంపుతాడు. అందుకు నిజం సెప్పీసినాను. ఎలగుంటాదో, ఎందుకు బాగోదో, అంతా.” గొంతు తగ్గించాడు. “అర్థమైంది అన్నాడు మేడమ్. ఇంకోలా సెప్పమననేదు. తెలిసినాక ఇంక ఆడిని తోకని ఎలగ సెయ్యను?”

అబ్బులు లోపల బాధపడే ఏర్పాటేదీ లేదనీ, అది వట్టి నమ్మకాల పట్టిక అనీ చెబుదామని నోరు తెరిచింది వకుళ. ఆ పెట్టెని తయారు చేసింది ఆవిడే, ఆవిడకి తెలియనిది అందులో లేదు. అయినా చెప్పలేకపోయింది. ఢిల్లీ తల మీద చెయ్యి వేసి నిమిరింది.

*

కమిటీ పెద్దలకి ఈ గొడవేమీ తెలియదు. వాళ్ళు చూసింది ఒకటే. తరగతిలో అందరికంటే వెనకబడ్డ కుర్రవాడు చెబితే యంత్రం పాసయింది. జూన్‌లో ఆర్డరు వచ్చింది. ప్రతి స్కూల్లో, ప్రతి తరగతికీ ఒక అబ్బులు. వాడికి పాఠం చెప్పే పని ఆ తరగతిలో లాస్టు ర్యాంకు వచ్చిన విద్యార్థికి మాత్రమే. ఆ విద్యార్థి చొక్కాకి ‘గురువు’ అని బ్యాడ్జి. మంచి ఆర్డరే. ఆ మాటకొస్తే తోక అన్న పిలుపు రాష్ట్రంలో ఎక్కడా వినిపించకుండా పోయింది. ఏడాది తిరిగేసరికి బ్యాడ్జి పెట్టుకున్న పిల్లలంతా ముందు వరసల్లోకి వచ్చేశారు. ఢిల్లీశ్వరరావు ఎనిమిదో తరగతిలో దమయంతి తర్వాతి ర్యాంకు తెచ్చుకున్నాడు. వాడి ఫోటో పేపర్లో పడింది.

ఆ ఫోటోని తల్లిదండ్రులు చూశారు. గోల అక్కడ మొదలైంది.

విశాఖపట్నంలో ల్యాబ్‌కి వెళ్ళే దారిలో, ఫ్లైఓవర్ పక్కన పెద్ద హోర్డింగ్ లేచింది. ‘లాస్ట్ ర్యాంక్ స్పెషల్ బ్యాచ్. అనుభవజ్ఞులైన ఫ్యాకల్టీ. నమ్మేలా తప్పు రాయడంలో శిక్షణ. సీట్లు పరిమితం.’ వకుళ కారు ఆపి రెండుసార్లు చదువుకుంది. ఊరికే తప్పు రాస్తే, కావాలని రాశారని స్కూళ్ళు ఇప్పుడు లాస్టు ఇవ్వడం లేదట, పోటీ అంతగా పెరిగిపోయింది. తప్పు కూడా పద్ధతిగా, కారణంతో రాయాలి. అలా రాయాలంటే ఒప్పు బాగా రావాలి. పిల్లలు రాత్రింబవళ్ళు ఆ పని మీదే ఉన్నారు. ఈ సంగతి తెలిసి దమయంతి పడీ పడీ నవ్విందని జోగారావు గారు ఫోన్‌లో చెప్పారు.

ఆ రోజు ల్యాబ్‌లో ఒకాయన వకుళ కోసం కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో స్వీట్ల డబ్బా. పక్కన కళ్ళజోడు పెట్టుకున్న చిన్న కుర్రాడు, నిద్ర చాలక తూగుతున్నాడు.

“నమస్కారం మేడమ్. మీరే కనిపెట్టారని తెలిసి వచ్చాను. మావాడికి రెండేళ్ళ నుంచి ఫస్టు ర్యాంకే వస్తోందండీ,” అన్నాడు, జబ్బు పేరు చెప్పినట్టు. “మీరు ఎక్కడో ఒక మాట చెప్పి, ఎలాగైనా లాస్టు వచ్చేలా చూడాలి. తెలివైనవాడేనండీ. కాస్త కష్టపడితే వస్తుంది.”

వకుళ కుర్రాడి వంక చూసింది. వాడు నేల చూపులు చూస్తున్నాడు.

టేబుల్ మీద ఉన్న పాత పెట్టె కళ్ళు తెరిచింది.

“ఎందుకు?” అన్నాడు అబ్బులు.

పెద్దమనిషి ఆ పెట్టె వంక చూశాడు. అదెవరో పెద్ద ఆఫీసరు గొంతు అనుకున్నాడు కాబోలు, లేచి నిలబడ్డాడు. స్వీట్ల డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“పక్కింటివాళ్ళ అబ్బాయికి వచ్చిందండీ,” అన్నాడు చివరికి.

అబ్బులు కళ్ళు చిన్నవి చేశాడు.

“అర్థం కాలేదు,” అన్నాడు. “ఇంకోలా చెప్పండి.”